ఇరవై ఎనిమిది అంగుళాల వంటగట్టు

మా ఇంటి ఒప్పంద పత్రంలో పద్నాలుగో షరతు నా భార్యది. దానికి ముందున్న పదమూడూ నేను రాయించినవి. పునాది లోతు, ఇసుకా సిమెంటూ పాళ్లు, కిటికీలకు వాడే కర్ర, పదకొండు నెలల గడువు, అన్నీ నావి. ఆమెది ఒక్క వాక్యం. "వంటగట్టు ఎత్తు ఇరవై ఎనిమిది అంగుళాలకు మించరాదు."

సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట బల్ల వేసుకుని కూర్చునే దస్తావేజు లేఖరి ఆ మాట దగ్గర కలం ఆపి నవ్వాడు.

"ఏటి బాబూ, వంటగట్టు సంగతి కూడా స్టాంపు కాగితం మీద రాసీమంటారేటి? ఇంక గరిటెలు ఎన్నున్నాయో కూడా సెప్పండి, రాసీస్తాను."

"గరిటెలు మా ఇంట్లోవే. గట్టే మాది కాదు ఇన్నాళ్లూ. రాయండి," అంది నా భార్య. ఆయన రాశాడు.

నేను రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. నౌపడలో మొదలుపెట్టి, తర్వాత బొబ్బిలి మీదుగా పోయే లైనులో చిన్న చిన్న స్టేషన్లలో ఉద్యోగం గడిపాను. పదకొండు క్వార్టర్లు మారాం. నా భార్య నాలుగడుగుల ఎనిమిది అంగుళాల మనిషి. క్వార్టర్లలో వంటగట్లు ఎవరి కొలతకు కట్టారో తెలియదు గాని ఆమె కొలతకు మాత్రం కాదు. ఒక మామిడిచెక్క పీట చేయించుకుని దాని మీద నిలబడి వండేది. ఉప్పుకోసం దిగాలి, పోపు మాడకముందే ఎక్కాలి, నీళ్లకోసం దిగాలి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్లు అక్కడే అరిగాయి. బదిలీ అయినప్పుడల్లా ఆ పీట సామాను లారీలో ఆఖరున ఎక్కి అన్నిటికంటే ముందు దిగేది. మనకంటూ ఒక ఇల్లుంటే నాకు ఇంకేమీ వద్దు, నేల మీద నిలబడి వండుకునే గట్టు చాలు అని ఆమె ముప్పై ఏళ్లుగా అంటూ వచ్చింది. నేను వింటూ వచ్చాను. డైరీలో కూడా రాశాను.

ఆ డైరీల గురించి చెప్పాలి. స్టేషన్‌లో బండి వచ్చిన నిమిషమూ వెళ్లిన నిమిషమూ రిజిస్టరులో ఎక్కాలి. ఎక్కని బండి రానట్టే లెక్క. ఆ అలవాటు నాతో ఇంటికి వచ్చింది. ఉద్యోగంలో చేరిన వారం నుంచి రాయని రోజు లేదు. రూళ్ల పుస్తకంలో ఎడమ పక్క టైము, కుడి పక్క జరిగిన సంగతి. అభిప్రాయాలు రాయను. ఇంట్లో ఏ విషయం మీద వాదన వచ్చినా నేను ట్రంకుపెట్టె తెరిచి ఆ ఏటి పుస్తకం తీసి చదివి వినిపించేవాణ్ణి. ప్రతిసారీ నేనే గెలిచేవాణ్ణి. కొన్నాళ్లకు ఆమె వాదించడం మానేసింది. అది పుస్తకాల గొప్పతనం అనుకున్నాను.

రిటైరయ్యాక బొబ్బిలిలో ఉన్న మా చిన్న స్థలంలో ఇల్లు కట్టాలనుకున్నాం. పని ఒప్పుకున్న మేస్త్రీ మా అమ్మ పుట్టిన ఊరివాడు. ఆ వరసన నన్ను మావా అని, నా భార్యను అత్తా అని పిలిచేవాడు. తాపీపనితో మొదలై సొంత జట్టు పెట్టుకున్న మనిషి. చేతిపని మంచిది. ఒప్పందం రాసుకోవడానికి ముందు రోజు అద్దె ఇంటికి వచ్చి టేపు తీశాడు.

"అత్తా, గోడకి ఆనుకుని నిలబడు. సెయ్యి మడువు. అదీ." మోచెయ్యి నుంచి నేల దాకా కొలిచాడు. "దీన్లోంచి గరిట తిప్పడానికి నాలుగు, గేసు పొయ్యి ఎత్తు మూడు తీసీయాల. ఇరవై ఎనిమిది. రాసుకో మావా, నువ్వెలాగా రాసుకుంటావు గదా."

"కట్టేటప్పటికి మరిచిపోతావురా," అంది ఆమె.

"మరిసిపోతే ఆ పీట తెచ్చి నన్ను కొట్టు అత్తా. సాలా?"

ఆమె ఆ రోజు నవ్విన నవ్వు చాలాకాలం తర్వాత చూసిన నవ్వు. అది రాయలేదు. "సా. 5.10 మేస్త్రీ వచ్చాడు. గట్టు కొలత 28. 5.25 వెళ్లాడు" అని రాశాను.

పునాది చకచకా లేచింది. గుమ్మం నిలబెడితే గోడలు మొదలవుతాయి. టేకు ద్వారబంధం చేయించి తెచ్చి పెట్టారు. అక్కడ పని ఆగిపోయింది. రెండు నెలలకు పైగా ఎవరూ రాలేదు. ఆ తర్వాత ఒకరోజు మేస్త్రీ ముహూర్తానికి వచ్చి గుమ్మానికి పసుపూ కుంకుమా పెట్టించి నిలబెట్టాడు, కిటికీల మట్టం దాకా గోడలు లేపాడు, మళ్లీ మాయమయ్యాడు. సాలూరులో ఎవరో లారీల షెడ్డు కట్టిస్తున్నారని, జట్టును అక్కడికి తోలుకుపోయాడని తెలిసింది. ఫోను చేస్తే "వస్తన్నాను మావా, ఎల్లుండి" అనేవాడు. తర్వాత వానలన్నాడు. తర్వాత ఇసుక దొరకటం లేదన్నాడు. తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. పదకొండు నెలలు దాటిపోయాయి. పైకప్పు లేని గోడల మధ్య ఆ టేకు గుమ్మం ఒక్కటే నిలబడి తడిసింది.

నేను ప్లీడరును పెట్టుకోవాలని నిశ్చయించుకున్నాను. పొద్దున్న నాతో నడకకు వచ్చేవాళ్లలో నలుగురిని అడిగితే నలుగురూ ఒకే పేరు చెప్పారు. ఆయనకు యాభై ఏళ్లుంటాయి. దగ్గరి పల్లెలో వరి పండించే కుటుంబం నుంచి వచ్చినవాడు. ఇంటి ముందుగదే ఆఫీసు. బీరువాల మీద కట్టలు కట్టలుగా ఫైళ్లు. మూలన చిన్న బల్ల దగ్గర గుమస్తా. నేను నా భార్యను కూడా తీసుకుపోయాను. పద్నాలుగో షరతు ఆమెది కనుక ఆమె రావాలనిపించింది. మెట్లు ఎక్కడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

ప్లీడరు ఒప్పంద పత్రం మొదటి నుంచి చివరి దాకా చదివాడు. పద్నాలుగో షరతు దగ్గర తలెత్తి ఆమె వైపు చూశాడు, నవ్వలేదు. నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే.

"మేస్టారూ, కాగితం బాగా రాయించినారు. ఇలగ రాసుకుని వచ్చేటోళ్లు నాకు తక్కువ. ఇప్పుడు జరిగింది సెప్పండి. నాకు పనికొచ్చింది, పనికిరానిది అని మీరు ఏరకండి. అంతా సెప్పండి. ఏరుకోడం నా పని."

నేను వరుసగా చెప్పాను. పునాది అయిన తర్వాత తనంతట తానే పని వదిలి వెళ్లిపోయాడని చెప్పాను. అప్పటికి అదే నిజమని నమ్మాను. ఆ సంగతి ఇక్కడ స్పష్టంగా రాయాలి, ఎందుకంటే తర్వాత జరిగినదాన్ని అలా చెప్పుకోలేను.

గుమస్తా వకాలత్తు కాగితం ముందు పెట్టి పెన్సిల్‌తో గుర్తులు పెట్టిన చోట్ల సంతకాలు చెయ్యమన్నాడు. నేను కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

"బాబూ, అది ఎవులూ సదవరండి. ఇరవయ్యేళ్లయి నాను సంతకాలు ఎట్టిస్తన్నాను. నానే ఒక్కసారీ సదవలేదు."

"నేను చదవకుండా సంతకం పెట్టలేదు, ఇన్నేళ్లలో ఎక్కడా."

"అయితే సదవండి. మద్దేన్నం అయితే ఇక్కడే భోంచేద్దురుగాని."

నా భార్య పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మొత్తం చదివే సంతకం పెట్టాను.

నోటీసు వెళ్లింది. అందులో ప్లీడర్లు వాడే మాటలే ఉన్నాయి. ఎటువంటి కారణమూ లేకుండా, దురుద్దేశంతో, మోసపూరితంగా అని. నాకు ఆ మాటలు చదువుతుంటే మనసు చల్లబడింది. మూడు వారాలకు జవాబు నోటీసు వచ్చింది. ప్లీడరు కబురు పెడితే మళ్లీ ఇద్దరం వెళ్లాం. ఆయన ఒక పేరా కింద గీత గీసి ఉంచాడు. గుమ్మం సిద్ధం చేసిన రోజున, మూఢం వెళ్లేదాకా పని ఆపమని ఇంటి యజమానే చెప్పాడని, ఖాళీగా కూర్చున్న జట్టుకు పని చూపించడానికి వేరే పని ఒప్పుకోవలసి వచ్చిందని, ఆలస్యానికి మొదటి కారణం ఆయనేనని అందులో ఉంది.

నాకు ఒళ్లు మండింది. "పచ్చి అబద్ధం. మూఢం అన్న మాట మా ఇంట్లో వచ్చిన మాట నిజమే. మా ఆవిడకు అలాంటి పట్టింపులున్నాయి. ఆమె ఏదో అనుంటుంది. పని ఆపమని మాత్రం ఎవరూ అనలేదు."

ప్లీడరు నా భార్య వైపు తిరిగాడు. "అమ్మా, మీరేటన్నారు ఆ రోజు?"

ఆమె నా ముఖంలోకి చూసింది. కొంచెంసేపు చూసింది. "నాకేం తెలుసు బాబూ. ఆయన అన్నీ రాసుకుంటారు. ఆ పుస్తకమే సూడమనండి."

"డైరీ రాస్తారేటి మేస్టారూ? ముందే సెప్పరేం! ఆ రోజుది తెండి. ఆడి నోటీసు ఆడి మొహానే కొడదాం."

నేను ఉత్సాహంగా ఇంటికి వచ్చాను. ఆమె ఇంకా రిక్షా దిగుతూ ఉండగానే లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె తెరిచాను. పుస్తకం దొరకడానికి నిమిషం పట్టలేదు. పేజీ దొరకడానికి మరో నిమిషం.

"ఉ. 9.20 మేస్త్రీ వచ్చాడు. గుమ్మం తయారు. ఎల్లుండి నిలబెడతానన్నాడు. మూఢం అని నేను వద్దన్నాను. ఆమె 'ఏటవుతాది, కానీయండి' అంది. ఒప్పుకోలేదు. మూఢం పోయేదాకా పని ఆపమని చెప్పాను. కుర్రాళ్లకి పని ఉండదు మావా అన్నాడు. వేరేచోట చూసుకోమన్నాను. సరేనన్నాడు. 9.45 వెళ్లాడు."

నా అక్షరాలే. గుండ్రంగా, ఎక్కడా కొట్టివేత లేకుండా.

రాహుకాలం చూడకుండా, వర్జ్యం చూడకుండా జీవితమంతా బళ్లకు జెండా ఊపినవాణ్ణి. సొంత గుమ్మం దగ్గరికి వచ్చేసరికి భయపడ్డాను. ఈ వయసులో కట్టుకునే ఇల్లు, ఏదైనా అయితే మళ్లీ కట్టలేం అన్న భయం. ఆ భయం నాది అని ఒప్పుకోలేక, ఎప్పుడో తెలియకుండానే అది ఆమె నెత్తిన పెట్టేశాను. నలుగురి దగ్గర అలాగే చెప్పి చెప్పి చివరకు అదే నమ్మాను. పుస్తకం మాత్రం మారలేదు.

మేస్త్రీ తప్పు లేదని కాదు. మూఢం పోయాక కూడా కొద్దిరోజుల పని చేసి సాలూరు చెక్కేశాడు. ఇసుక అబద్ధాలు, వానల అబద్ధాలు వాడివే. కాని మొదటి రెండు నెలలు నావి.

వంటింట్లోంచి ఆమె అడిగింది. "దొరికిందా?"

"చూస్తున్నాను," అన్నాను. పుస్తకాన్ని పెట్టెలో అడుగున, పాత బదిలీ ఆర్డర్ల కింద పెట్టాను.

మర్నాడు ఒక్కణ్ణే ప్లీడరు దగ్గరికి వెళ్లాను. "ఆ రోజు డైరీలో అలాంటిది ఏమీ లేదండి. మేస్త్రీ వచ్చాడు, వెళ్లాడు అని మాత్రమే ఉంది."

"పుస్తకం తేలేదేం?"

"అందులో మీకు పనికొచ్చేది ఏమీ లేదు కదా అని."

ఆయన కలం మూత పెట్టాడు. "మేస్టారూ, ఇంకోసారి అడుగుతన్నాను. తప్పుగా అనుకోకండి. నాకు తెలిసిన తప్పుకి నాను గొడుగు పట్టగలను. తెలీనిదానికి పట్టలేను. ఏమీ నేదు గదా?"

"లేదు."

ఆ రోజు డైరీలో "10.30 ప్లీడరు గారింటికి. 10.50 తిరుగు" అని రాసి ఊరుకున్నాను. అక్కడ నేను ఏం చెప్పానో రాయలేదు. జరిగినదాన్ని తెలిసి వదిలిపెట్టడం నా పుస్తకాల్లో అదే మొదటిసారి.

దావా పడింది. కోర్టు తరఫున కమిషనరు వచ్చి కట్టడం ఎంతవరకు అయిందో చూసి రాసుకునేదాకా అక్కడ ఇటుక కదపకూడదని ప్లీడరు చెప్పాడు. వేరే మేస్త్రీని పెట్టి పూర్తి చేయించుకునే దారి దాంతో మూసుకుపోయింది. కమిషనరు కోసం వేసిన పిటిషనే ఒక ఏడాది నడిచింది, ఆయన రిపోర్టు రావడానికి ఇంకో ఏడాది. ఒక వాయిదాకు అవతలి ప్లీడరు రాలేదు. ఒక వాయిదాకు మా ప్లీడరుకు విజయనగరంలో పని పడింది. ఇంకో వాయిదాకు జడ్జిగారు బదిలీ అయ్యారు. ప్రతి వాయిదా టైముతో సహా రాశాను. స్థలంలో జిల్లేడు మొలిచింది. పక్కింటివాళ్లు మేకలు కట్టుకున్నారు. గుమ్మం అడుగున చెద కనిపించింది.

ఒక వాయిదా రోజున కోర్టు వరండాలో మేస్త్రీ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"మావా, ఆ నోటీసులో నన్ను మోసగాడన్నావు. మా అమ్మ ఎవులిచేతో సదివించుకున్నాది. రెండు రోజులు కూడు తిన్నేదు. సరే, ఆలీసం నాను సేసినాను, అది ఒప్పుకుంటన్నాను. మరి మూఢం మాట? బండి వచ్చిన నిమిషం రాసేటోడివి, ఆ మాట రాయలేదేటి?"

నేను గోడ మీద అంటించిన కేసుల జాబితా వైపు తిరిగాను.

"రాసే ఉంటావు మావా. నువ్వు రాయకుండా ఉండవు," అని వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

నా భార్య మాత్రం ఈ రెండేళ్లలో కేసు గురించి ఒక్కసారి కూడా అడగలేదు. వాయిదాకు వెళ్లి వస్తే మంచినీళ్లు ఇచ్చి లోపలికి పోయేది. అద్దె ఇంటి వంటగట్టు మంచి నల్లరాయి పరిచినది, చాలా ఎత్తు. పీట ఎక్కి దిగుతూనే ఉంది. పీట ఒక కాలు వదులైంది. ఆమె నాకు చెప్పింది. నేను రాసుకున్నాను. తర్వాత వెనక్కి తిప్పి చూస్తే మూడుచోట్ల ఉంది. "పీట కాలు కదులుతోంది. మేకు కొట్టాలి." నెల తర్వాత మళ్లీ, "పీటకు మేకు." ఇంకో రెండు వారాలకు, "మేకులు తేవాలి." సుత్తి ఇంట్లోనే ఉంది.

ఆమె ఒక ఉదయం చారు దించుతూ పడిపోయింది. నేను పేపరు చదువుతున్నాను. గిన్నె పడిన చప్పుడు వచ్చింది, అరుపు రాలేదు. వెళ్లేసరికి గట్టుకు ఆనుకుని నేల మీద కూర్చున్నట్టే ఉంది. పీట కాలు విడిగా దొర్లి ఉంది. "నిలబడలేకపోతన్నాను, పట్టుకోండి" అంది. నేను పట్టుకున్నా నిలబడలేకపోయింది.

విజయనగరం ఆసుపత్రిలో తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషను చేశారు. ఈ వయసులో మునుపటిలా నిలబడి పని చేసుకోవడం ఉండదని, వాకరు పట్టుకుని నాలుగడుగులు వేస్తే అదే ఎక్కువని డాక్టరు ఆమె ముందే చెప్పాడు. ఆయన వెళ్లాక నేను మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాను. చెప్పాలని చాలా రోజుల నుంచి అనుకున్న మాట అప్పుడు వచ్చింది.

"మూఢం అని పని ఆపించింది నేనే. నువ్వు కానీమన్నావు. డైరీలో ఉంది."

ఆమె కళ్లు మూసుకునే అంది. "అవును. మీరే."

"మరి ప్లీడరు దగ్గర నీ మీద పెడితే ఊరుకున్నావేం?"

"మీరు రాసుకుంటారు గదా. మీకు తెలుసునని అనుకున్నాను."

"ఇంటికొచ్చి చూసుకున్నాక తెలిసింది."

"అదీ తెలుసు. పెట్టెలో అడుగున దాసినారు. ఆర్డర్ల కింద." కళ్లు తెరిచింది. "నాతో అబద్దం ఆడితే ఆడినారు. ఆ పుస్తకంతో ఆడతారనుకోలేదు. కుంచెం నీళ్లు ఇవ్వండి."

నేను నీళ్లు ఇచ్చాను.

ఆమె ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు పుస్తకం తీసుకుని ప్లీడరు దగ్గరికి వెళ్లాను. వచ్చే వాయిదాకు నా సాక్ష్యం ఉంది. బోనులో నిలబడి అదే అబద్ధం ప్రమాణం చేసి చెప్పలేనని అన్నాను. ఆయన ఆ పేజీ చదివాడు. రెండోసారి చదివాడు. మూసి నా వైపు జరిపాడు. కోప్పడితే బాగుండునని నాకు అనిపించింది.

"మా కాడికి వచ్చేటోళ్లు అందరూ ఏదో ఒకటి దాస్తారు మేస్టారూ. నాను అలగే లెక్కేసుకుంటాను. మీ ఒక్కల విషయంలో లెక్కేసుకోలేదు."

"అప్పుడే చెప్పుంటే కేసు ఓడిపోయేవాళ్లమా?"

"కేసు వేసేవోణ్ణే కాదండి." ఆయన మాటలు మెల్లగా వచ్చాయి. "ఆడు జవాబిచ్చిన రోజునే ఇద్దర్నీ ఈ బల్ల కాడ కూకోబెట్టేవోణ్ణి. రెండు నెలలు మీ తప్పు, మిగతాది నీ తప్పు, నోరు మూసుకుని పని కానియ్యరా అంటే ఆడు కానిచ్చేటోడు. ఆడి జట్టు అప్పటికి సాలూరు నుంచి వచ్చీసి ఊళ్లోనే ఉన్నాది. వానల్లోగా అమ్మగారు కొత్త గట్టు మీద పాలు పొంగించేటోరు."

మూలన గుమస్తా తల దించుకుని ఏదో రాస్తున్నట్టు నటించాడు. నేను లేచాను. మెట్ల దగ్గర దాకా ప్లీడరు వచ్చాడు. అంతదూరం ఎప్పుడూ రాలేదు.

రాజీ కుదరడానికి ఒక్క వాయిదా చాలింది. లోక్ అదాలత్‌లో ఇద్దరం సంతకాలు పెట్టాం. మేస్త్రీ కాగితం చదవకుండానే పెట్టాడు. నేను చదివి పెట్టాను. ఆ సాయంత్రం వాడు అద్దె ఇంటికి వచ్చాడు. ఆమె మంచం దగ్గర నేల మీద చతికిలబడ్డాడు.

"అత్తా."

"ఏరా."

"ఆ పీటతో నన్ను కొట్టమన్నాను గదా. కొట్టీ."

"అది విరిగిపోయిందిరా. మీ మావ కాలు అతికించి మూడు మేకులు కొట్టినారు. ఇప్పుడు బాగా గట్టిగా ఉన్నాది."

వాడు నా వైపు చూడలేదు. ముక్కు చీదుకుని టేపు తీశాడు. "మరి అత్తా, ఇంక నువ్వు కుర్సీలో కూకునే వండుకోవాల గదా. గట్టు ఇంకా తగ్గించీమంటావా? ఇరవై నాలుగు సేసీమంటే సేసీస్తాను. కాగితంలో ఉన్నాదని సూడకు."

ఆమె నన్ను అడిగింది. "కాగితంలో ఎంతని రాసుంది?"

"ఇరవై ఎనిమిది."

"అంతే కట్టమనండి. నా కొలత అదే."

నాలుగు నెలల్లో ఇల్లు పూర్తయింది. ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టు కట్టాడు. చెదపట్టిన చోట గుమ్మం కోసి కొత్త ముక్క అతికించాడు. అతుకు చూస్తేగాని తెలియదు. వంటగట్టు నేనే టేపు పెట్టి చూశాను. సరిగ్గా ఇరవై ఎనిమిది. పాలు పొంగించిన రోజున ఆమె కుర్చీలో కూర్చుని ఉంటే, మేస్త్రీ భార్య గిన్నె పొయ్యి మీద పెట్టింది.

ఇప్పుడు వంటకు ఒకావిడ వస్తుంది. మా వీధి చివర ఉండే మనిషి, మంచి పొడగరి. మొదటి రోజే గట్టు చూసి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏటమ్మా ఇది, బొమ్మరిల్లు గట్టులాగున్నాది. ఎవులు కట్టమన్నారు ఇలగ?"

"నేనే," అంది నా భార్య.

"వొంగొంగి నడుం ఇరిగిపోతాది తల్లీ నాకు. బాబుగారితో సెప్పి రెండిటికలు ఎత్తు సేయించండి. మీరెలాగా పొయ్యి కాడికి రాలేరు గదా."

"ఎత్తు చేయించను. నీకు కుదిరితే చెయ్యి. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాం."

ఆవిడ గొణుక్కుంటూనే చేస్తోంది. రోజూ మధ్యలో రెండుసార్లు నడుం మీద చెయ్యి వేసుకుని వెనక్కి వంగుతుంది. నా భార్య వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఉప్పెంత, చింతపండెంత అని చెబుతూ ఉంటుంది. కుర్చీ కూడా ఆమెకు ఎత్తే. కాళ్లు నేలకు ఆనవు. అందుకని ఆ మామిడిపీట ఆమె పాదాల కింద వేశాను. గట్టిగా ఉంది, కదలదు. నేను వెనకగదిలో బల్ల దగ్గర కూర్చుంటాను. అక్కడికి వాళ్ల మాటలు వినిపిస్తాయి.

"ఇంకొంచెం నీళ్లు పొయ్యి. అడుగంటుతాది."

"పోస్తన్నానమ్మా. వొంగనీండి."

టైము చూసి రాస్తాను. ఇప్పుడు ఎవరు ఏమన్నారో కూడా రాస్తున్నాను. చదివి వినిపిస్తానంటే ఆమె వద్దంటుంది.